చుట్టాల పెట్రోలు

అతన్ని అందరూ గరాటు అంటారు. అసలు పేరు ఒకటి జీతం కాగితం మీద ఉంది, కానీ దాంతో ఎవరికీ పని పడలేదు. రేసు కారు ట్యాంకులో పెట్రోలు పోయడం అతని ఉద్యోగం. ఈ మాట వినగానే రోడ్డు పక్క బంకులో గొట్టం పట్టుకుని నిలబడే మనిషిని ఊహించుకున్నారా, గరాటుకి ఒళ్లు మండుతుంది. బంకువాడు అడిగినంత పోస్తాడు. గరాటు తూకం వేసి పోస్తాడు, ఎంత పోశాడో నోటి దగ్గర వేలాడే మైకులో ఇంజినీర్లకు చెబుతాడు. ఈ రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకం ఇంట్లో మాత్రం ఎవరికీ అంటుకోలేదు.

"పెట్రోలు పోసే మనిషికి ఇంత టెక్కా" అంటుంది భార్య, అదీ తన తమ్ముడి ముందు. తమ్ముడు నవ్వు ఆపుకోడు.

ఆ తమ్ముడు, అంటే గరాటు బావమరిది, అదే టీములో అచ్చుల షెడ్డులో పని చేస్తాడు. రేసు కారుకి అడుగున వెడల్పాటి పలక ఒకటి ఉంటుంది. టీము వాళ్లు దాన్ని ఫ్లోరు అంటారు. దాని కిందుగా గాలి దూసుకుపోతుంటే కారు రోడ్డుకి అతుక్కుంటుంది, మలుపుల్లో జారదు. ఆ పలకను తయారుచేసే అచ్చు బావమరిది చేతి పని. చలికాలమంతా గరుకు కాగితం పట్టుకుని దాన్ని రుద్దాడు. తన బుగ్గను కూడా ఆ మనిషి ఎప్పుడూ అంత మెత్తగా తాకలేదని అతని పెళ్లాం చెప్పుకుంటుంది.

ఇక టీము సంగతి. 'మనం టీము కాదు, కుటుంబం' అని వర్క్‌షాపు గోడ మీద తలుపంత అక్షరాలతో రాసి ఉంది. ఇలాంటి రాత ఎక్కడ కనబడినా ఆ గోడ వెనక ఎవరిదో ఉద్యోగం ఊడబోతోందని ధైర్యంగా అనుకోవచ్చు. ఈ కుటుంబం ఆదివారం రేసుల్లో ఎప్పుడూ చివరి వరసలో కలిసికట్టుగానే ఉంటుంది. శుక్రవారం ప్రాక్టీసులో మాత్రం పులి. వేగాలు చూపించే బోర్డు మీద అందరికంటే పైన దీని పేరే వెలుగుతుంది. పేపర్లవాళ్లు 'ఈసారి ఈ టీముతో జాగ్రత్త' అని రాస్తారు. ఆదివారం సాయంత్రానికి ఆ రాసింది వాళ్లే మర్చిపోతారు.

ఈ శుక్రవారపు పులికి పులితోలు కుట్టింది పాత చీఫ్ ఇంజినీరు. టీము యజమానిని అందరూ పెద్దసారు అంటారు. ఆయన శుక్రవారాల్లో బావగార్లనీ, వియ్యంకుల్నీ, కారు మీద స్టిక్కర్లకు డబ్బిచ్చే షావుకార్లనీ వెంటేసుకుని వచ్చి గ్యారేజీ పైనున్న అద్దాల గదిలో కూర్చుంటాడు. వాళ్ల ముందు తన కారు పేరు బోర్డు అడుగున కనబడితే ఆయనకు వారమంతా మనసు బాగుండదు. ఆయన మనసు బాగుండకపోతే కింద ఎవరికీ ఏదీ బాగుండదు. పెట్రోలు తక్కువుంటే కారు తేలికవుతుంది, తేలికైతే వేగంగా పోతుంది. ఇందులో శాస్త్రం ఇంతే. అద్దాల గది నిండగానే పాత చీఫ్ చెవి గోక్కునేవాడు, అదే సైగ. గరాటు సగం పోసి, మైకులో "నిండా పోశాను" అనేవాడు. కారు ఎగిరిపోయేది. పైన చప్పట్లు. ఆ తర్వాత పాత చీఫ్ ఆ పరుగును తన లెక్కల్లోంచి చప్పుడు చేయకుండా కొట్టేసేవాడు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు చుట్టాల పెట్రోలు. ఇది మోసం అంటే గరాటు ఒప్పుకోడు, మర్యాద అంటాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచం మీద కొత్త దుప్పటి వేయడం మోసమా అని అడుగుతాడు.

పాత చీఫ్ రిటైరయ్యాడు. కొత్తగా ఒక మేడమ్ వచ్చింది. పెద్ద చదువు, చిన్న మాట. వచ్చిన మొదటి రోజే అందరినీ పిలిచి "అంకెలు అబద్ధం చెప్పవు" అంది. అందరూ తలలూపారు. అంకెల్ని చెప్పే మనుషుల సంగతేమిటని అక్కడ ఎవరూ అడగలేదు. చుట్టాల పెట్రోలు గురించి ఆమెకు చెప్పినవాడూ లేడు. ఇంకెవరో చెప్పే ఉంటారని ప్రతివాడూ అనుకున్నాడు. కుటుంబాలు ఇలాగే నడుస్తాయి.

ఆ శుక్రవారం మేడమ్ గీసిన కొత్త ఫ్లోరుకి మొదటి పరుగు. అద్దాల గది కిటకిటలాడుతోంది. తూకం మీద డబ్బా పెట్టి గరాటు ఆమె వైపు చూశాడు. మేడమ్ కంప్యూటరు మీదినుంచి కళ్లు తీయకుండా చెవి గోక్కుంది.

గరాటుకి ప్రాణం లేచొచ్చింది. పెద్ద చదువులు చదివినా మర్యాద తెలిసిన పిల్లే అనుకున్నాడు. సగం పోశాడు. నిండా అన్నాడు. కారు బోర్డు మీద అందరినీ తొక్కి పైకెక్కింది. డ్రైవరు దిగి, కొత్త ఫ్లోరుతో కారు రోడ్డుని కొరికి పట్టుకుంటోందన్నాడు. బోర్డు మీద తన పేరు పైన ఉన్నప్పుడు డ్రైవరుకి అన్నీ కొరికి పట్టుకున్నట్టే ఉంటాయి. నిండు ట్యాంకుతో ఇంత వేగమా అని మేడమ్ లెక్క మీద లెక్క వేసి, కొత్త ఫ్లోరు అద్భుతమని తేల్చింది. పెద్దసారు చుట్టాలతో సహా మెట్లు దిగి వచ్చాడు.

"ఇంకా ఆ పాతది దేనికమ్మా? సోమవారం ఆ పాత అచ్చు కోసి అవతల పారేయించు. షెడ్డులో చోటు కలిసొస్తుంది" అన్నాడు.

సాయంత్రం బస గదిలో, ఫ్లోరు బిగించడానికి రేసులకు వెంట వచ్చే బావమరిది బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"నా అచ్చు కోసేస్తారంట బావా."

"కొత్తది బాగుందంటున్నారుగా."

"ఏం బాగుంది? ఆ అంచులు చూశావా? అదొక వంకర, అదొక వాలకం." తను చేయని ఏ వస్తువు గురించైనా బావమరిది ఇలాగే అంటాడు కాబట్టి ఆ మాటకు విలువ లేదు. తర్వాతి మాటకు ఉంది. "కొత్త అచ్చు బయట చేయించారు. పాతది పోతే షెడ్డులో నాకేం పని బావా? దాంతోపాటు నన్నూ కోసేస్తారు."

గరాటు దిండు సర్దుకుంటూ నవ్వాడు. "పిచ్చోడా, అది చుట్టాల పెట్రోలురా. మేడమ్ ఈపాటికి ఆ పరుగు కొట్టేసి ఉంటుంది."

"ఆవిడకి తెలుసా?"

"తెలీకపోతే చెవెందుకు గోక్కుంటుంది?"

"ఆవిడ పొద్దస్తమానం గోక్కుంటుంది బావా. ఆ హెడ్‌ఫోను ఆవిడకి పడదు. టీ తాగుతూ గోక్కుంటుంది, నడుస్తూ గోక్కుంటుంది. పెద్దసారు అచ్చు కోయించమన్నప్పుడు కూడా గోక్కుంది."

గరాటు దిండు వదిలేశాడు.

"మేడమ్‌కి నువ్వే చెప్పు బావా, లేకపోతే అక్కకి ఫోన్ చేస్తా. సొంత తమ్ముడి కొంప మీద గరాటు పెట్టి మరీ పోశాడని చెబుతా."

మేడమ్‌కి చెప్పడమా, భార్యకు తెలియడమా అని గరాటు బేరీజు వేసుకున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు.

శనివారం పొద్దున, లారీ వెనక భాగాన్నే ఆఫీసుగా మార్చిన ఇరుకు గదిలో మేడమ్ ముందు నిలబడి మొత్తం చెప్పాడు. చెవి సంగతి కూడా. ఆమె తిట్టలేదు. ఎంత తగ్గించారని అడిగి, కంప్యూటరు వైపు తిరిగి లెక్క మళ్లీ వేసింది. వేస్తున్నకొద్దీ ఆమె వీపు కుర్చీలోకి కుంగింది. అద్భుతమైన కొత్త ఫ్లోరు నిజానికి పాతదానికంటే నెమ్మది.

"మీరు మైకులో నిండా అన్నారు. రికార్డయింది అదే. ఇప్పుడు కాదంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

"నిన్నటిది అబద్ధం మేడమ్. ఇవాళ్టిది నిజం."

"ఆ సంగతి పెద్దసారుకి మీరు చెబుతారా? ఇన్నేళ్లుగా బోర్డు మీద చూసి మురిసిపోయిందంతా సగం ట్యాంకేనని?"

తప్పంతా నాదేనని వెళ్లి చెప్పేద్దామని ఒక క్షణం గరాటుకి అనిపించింది. ఆ క్షణం పోయేదాకా ఆగాడు. "మీరు చెబితే బాగుంటుందేమో" అన్నాడు.

"నేను చెబితే, కొత్త ఫ్లోరు గీసినదాన్ని నేనే, తప్పని చెప్పేదాన్నీ నేనే" అంది మేడమ్. 'అంకెలు అబద్ధం చెప్పవు' అన్న ఆమె మాటను అప్పుడే చట్రం కట్టించి గోడకు పెట్టారు. దాని వైపు చూడకుండా కూర్చోవడానికి ఆమెకు మెడ నొప్పి పుట్టి ఉంటుంది. కుర్చీలోంచి లేచింది. "పాత ఫ్లోరుకి ఇవాళ ఒక పరుగు ఇప్పిస్తాను. వీడ్కోలు పరుగు అంటాను. ఆయన కాదనరు."

కాదనలేదు. వీడ్కోలు అనగానే పెద్దసారు లేచి నిలబడ్డాడు. పాత ఫ్లోరు టీముకి చేసిన సేవల గురించి చుట్టాలకు ఒక చిన్న ప్రసంగం కూడా చేశాడు. ఆ సేవలన్నీ చివరి వరసలో జరిగినవేనని చుట్టాలు గుర్తుచేయలేదు. వాళ్లు మర్యాదస్తులు.

గరాటు డబ్బా తూకం మీద పెట్టాడు. నిండా పోస్తే పాత ఫ్లోరు నిన్నటి దొంగ వేగాన్ని అందుకోలేదు, సోమవారం రంపం తప్పదు. సగమే పోస్తే రెండు ఫ్లోర్లూ ఒకే చుట్టాల పెట్రోలుతో పోటీపడినట్టు. గ్యారేజీ గుమ్మంలో బావమరిది గోళ్లు కొరుకుతున్నాడు. గరాటు మేడమ్ వైపు చూశాడు.

మేడమ్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. సూటిగా అతని కళ్లలోకి చూసి, ఖాళీగా ఉన్న చెవిని తీరిగ్గా గోక్కుంది.

తర్వాత హెడ్‌ఫోను తగిలించుకుని, "ట్యాంకులో ఎంత?" అని అడిగింది.

"నిండా మేడమ్."

పాత ఫ్లోరు కొత్తదాని వేగాన్ని దాటి బోర్డు నెత్తిన కూర్చుంది. రెండు అబద్ధాలను సరితూకం వేస్తే నిజం బయటపడింది. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పని పద్ధతి. పెద్దసారు మళ్లీ మెట్లు దిగి వచ్చాడు.

"అంకెలు అబద్ధం చెప్పవు సార్" అంది మేడమ్. ఆమె మొహంలో ఒక్క కండరం కదలలేదు. ఒక్క రోజులో ఆమె కుటుంబంలో మనిషైపోయింది.

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను. పాతదాన్ని తక్కువ చేయకూడదు" అన్నాడు పెద్దసారు. సోమవారం రంపం మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి పేపర్లకు ప్రకటన వెళ్లింది. సుదీర్ఘ పరిశోధన ఫలితంగా, మూలాలకు తిరిగి వెళ్లే సాహసోపేతమైన అభివృద్ధి అని అందులో ఉంది. ఆదివారం రేసులో, ట్యాంకు నిజంగా నిండగానే, కారు తన చివరి వరసకు భద్రంగా చేరుకుంది.

సోమవారం భోజనాల బల్ల దగ్గర బావమరిది అక్కకు కథ చెబుతున్నాడు. "పెద్ద చదువుల ఫ్లోరుని నా ఫ్లోరు మట్టి కరిపించిందక్కా. నిండు ట్యాంకు మీద. చేతి పని అంటే అదీ."

"పెట్రోలు పోసేవాళ్లకి ఆ భాగ్యం ఎక్కడిది" అంది అక్క.

ఆ మాటకు ఎప్పుడూ మండిపడే గరాటు ఈసారి కంచంలోంచి తలెత్తలేదు. బావమరిది మాటల మధ్యలో ఆగాడు. అనుమానం అతని మొహం మీద నెమ్మదిగా పాకింది.

"బావా, నిజం చెప్పు. శనివారం ఎంత పోశావు?"

గరాటు చెంబు అందుకుని బావమరిది గ్లాసులో సగం దాకా నీళ్లు పోశాడు.

"నిండా" అన్నాడు. "తాగు."