అందరూ ఒకేనాడు పూసుకున్న మందు

ఆ రోజుల్లో తెల్లచీర కట్టినవాళ్లను చూస్తే రోగాలే పక్కకు తప్పుకుంటాయని నా గట్టి నమ్మకం. నర్సు శిక్షణ పూర్తికాగానే లక్సెట్టిపేట దగ్గరి ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికింది. (చొప్పదండిలో మా అవ్వ 'మా బిడ్డ డాక్టరైంది' అని చెప్పుకుంటూ తిరిగేది. దిద్దబోతే 'నువ్వు ఊకో' అనేది.)

చేరిన కొద్దిరోజులకే ఆశ్రమంలో గజ్జి మొదలైంది. చలికాలం, ఒకరి దుప్పటి ఒకరు కప్పుకునేవాళ్లు. తెల్లారేసరికి వరండా పొడవునా గోకుడు చప్పుడే. ఒక ముసలమ్మకు గోకిన చోటల్లా చీముపట్టి జ్వరం వచ్చి, మాట తడబడటం మొదలయ్యాక ఇక ఆగకూడదనుకున్నాను. మాకు నేర్పింది ఒక్కటే: ఉన్నవాళ్లంతా ఒకేరోజు మెడ నుంచి అరికాళ్ల దాకా మందు పూసుకోవాలి, బట్టలన్నీ మరిగించాలి. ఒక్కరు మిగిలినా అంతా మళ్లీ మొదటికే వస్తుంది. ఆదివారం పూద్దామని చాటింపు వేశాను.

ఆదివారం పొద్దున చూస్తే ఆశ్రమంలో పనిచేసే ఆయమ్మలిద్దరూ మూటలతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"మేం పోతున్నం సిస్టరమ్మా," అంది పెద్దాయమ్మ. "ఇంట్ల పసిపోరగాండ్లున్నరు. గీ గజ్జి ఆళ్లకంటితె ఎవరు జూస్తరు?"

వాళ్లు లేకుండా అంతమందికి నేనొక్కదాన్నే ఎలా పూయను? వార్డెన్ సార్ దగ్గరికి పరుగెత్తి, వాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ మందు ఇవ్వమన్నాను.

"మందు ముసలోళ్లకే తెప్పించిన," అన్నారు సార్. "ఆయమ్మలకు, ఆళ్ల ఇంటోళ్లకు ఏడికెల్లి తేవాలె?"

ఎదురుచెప్పకూడదనే అనుకున్నాను. కానీ నోరు నా మాట వినలేదు. "అయితే నేను గూడ పోత సార్. ఆళ్లకు పుయ్యకుంటె ఎవలకు పూసినా దండుగనే."

సార్ నన్ను కిందికీ మీదికీ చూశారు. చివరికి చప్రాసీని సైకిల్ మీద బజారుకు తోలారు. సీసాలు వచ్చేదాకా నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను, ఆయమ్మలు పోకుండానో, నేను పోకుండానో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నానికి మేం పూసుకుని, ముసలివాళ్లందరికీ పూశాం, ఒకప్పుడు ఊరి లెక్కలు చూసిన పట్వారీ తాతకు తప్ప. ఆయన గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు.

"నా పెండ్లాం గూడ నా వీపు జూడలే! గీ సిన్నపోరి పూస్తదా? పాణం పోయినా తలుపు తియ్య!"

బతిమాలాను, భయపెట్టాను. లాభం లేదు. లోపలి నుంచి గోకుడు మాత్రం వినిపిస్తోంది. "మగోళ్లు పూస్తె పూసుకుంటవా తాతా?" అనడిగింది పెద్దాయమ్మ. చప్రాసీ సీసాలతో ఆయమ్మల ఇళ్లకు పోయాడు; ముసలివాళ్లు పోగా అక్కడున్న మగవాడు వార్డెన్ సార్ ఒక్కరే. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తెలియకుండానే వేళ్ల సందులు బరబరా గోక్కున్నారు. అందరం ఆ చేతుల వంకే చూశాం.

"సారూ," అంది పెద్దాయమ్మ మెల్లగా, "మీక్కూడ వచ్చినట్టుంది."

సార్ మొహం కందిపోయింది. సీసా అందుకుని తలుపు తట్టారు. తలుపు తెరుచుకుని మళ్లీ మూసుకుంది. తర్వాత వినిపించినదంతా యుద్ధమే.

"జర మెల్లగ పుయ్యవయ్యా, మండుతుంది!"

"నాకు మండుతలేదా? ఇటు తిరుగు! ఇగ నా వీపుకు పుయ్యి!"

బయట మేము చీర కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

కొన్నాళ్లకు ముసలమ్మ జ్వరం తగ్గింది, పుండ్లు మానాయి. దురద మాత్రం వెంటనే పోలేదు. ఎవరైనా గోక్కుంటే చాలు, మళ్లీ మొదటికొచ్చిందనుకునేదాన్ని. ఏడుపు మొహంతో ప్రభుత్వ దవాఖానకు పోతే డాక్టర్ నవ్వాడు: "పురుగు సచ్చినా దురద కొన్నాళ్లుంటదమ్మా, పరేషాన్ గాకు."

తర్వాత ఎంతోమంది ఆయాలకు పని నేర్పాను. మొదటిరోజు చేతులు కడగడం కంటే ముందు, ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతాను. గేటుకు అడ్డంగా నిలబడ్డ ఆనాటి నేను గుర్తొస్తే నవ్వొస్తుంది. సార్ గనక 'సరే, పో' అనుంటే ఏమయ్యేదాన్ని? ఆ ఆలోచన అప్పటి ఆ పిల్లకు తట్టనే లేదు. ఇప్పుడైతే నాకు ముందు అదే తడుతుంది.