కొల్లేటి బురదలో ఆర్కిడ్

ఆఫీసులో ఎవరో నా బల్ల మీద ఆర్కిడ్ కుండీ పెట్టారు. ఎండ తగలనివ్వొద్దు, నీళ్లు ఎక్కువ పోయొద్దు అని దానికో చీటీ. నేను మొదట చూసిన ఆర్కిడ్‌కి ఆ రెండే ప్రాణం.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది, క్రిస్మస్ పొద్దున అమ్మా నేనూ చర్చికి వెళుతున్నాం. నీళ్లు దిగిపోయిన చెరువులో, అవతలి గడ్డిలో, వేలెడంత తెల్ల కంకి పువ్వు కనిపించింది. పైన బురద నెర్రెలిచ్చింది కదా, ఎండిపోయిందనుకుని దిగాను. నాలుగడుగులకే మోకాళ్ల దాకా కూరుకుపోయాను. లాగేకొద్దీ కాళ్లు లోపలికే పోతున్నాయి.

"పడుకోవే! పడుకుంటే కాళ్లు వాటంతటవే పైకొస్తాయి!" గట్టు మీంచి అమ్మ అరిచింది. కొల్లేటి వాళ్లందరికీ తెలిసిన కిటుకే. నాకు మాత్రం, నన్ను మింగమని అమ్మే బురదకి చెబుతున్నట్టనిపించింది. పైగా కొత్త తెల్లగౌను. దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను.

"గౌను మాపితే చర్చికి తీసుకెళ్లనన్నావుగా!"

అమ్మ చెప్పులు విడిచి, పట్టుచీరతోనే బురదలో బోర్లా పడుకుని నా దాకా పాక్కుంటూ వచ్చింది.

"నా వీపు మీద పడుకో. గౌను మాయదులే."

పడుకున్నాను. కాళ్లు ఊడొచ్చాయి. నా చెప్పులు మాత్రం కొల్లేటికి క్రిస్మస్ కానుక. ఇక వెనక్కి తిరుగుతుందనుకుంటే, అమ్మ ముందుకే పాకింది.

"ఎలాగూ ఇంతదాకా వచ్చాంగా, ఆ పువ్వేదో కోసుకో."

గౌను కోసం అంత ఏడ్చిన నాకు, అమ్మకున్నది ఆ ఒక్క పట్టుచీరేనని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.