మల్బరీ చెట్టు వయసు

ఆ సంస్థలో మూడు సంపదలున్నాయని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: చిత్రాలు, పుస్తకాలు, తోట. ఒకదాని మనుషులు ఇంకొకదానిలో అడుగుపెట్టకూడదన్న సంగతి మాత్రం రాయలేదు. తోటవాళ్ల కాళ్లకు మట్టి ఉంటుంది కనక చిత్రాల హాల్లోకి రాకూడదు, చేతులకు తడి ఉంటుంది కనక పుస్తకాల గదిలోకి రాకూడదు. తోటమాలి ముప్పై ఒక్కేళ్లు ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. అసలు ఆయనకు ఆ రెండిటితో పనేముంది? తన మల్బరీ చెట్టు తనకుంది.

ఉద్యోగంలో చేరిన వారంలోనే తన చేత్తో నాటిన చెట్టది. మూడో ఏడు గాలివానకు ఒరిగిపోతే సైకిల్ ట్యూబుతో గోడ కొక్కేనికి లాగి కట్టాడు. అంతలో భార్యకు నొప్పులు వస్తున్నాయని కబురొచ్చి ఆస్పత్రికి పరుగెత్తాడు. ఆ హడావిడిలో ట్యూబు సంగతి ఏడాది దాకా గుర్తే లేదు. కాండం మోచేయిలా వంగిపోయింది. "ఆ వంపూ మన పెద్దమ్మాయీ ఒక్క ఈడే," అని భార్యతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది. మొగుడి గురించి ఆవిడ గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్కటే.

రిటైరయ్యేవాళ్లను భార్యాసమేతంగా ఒక పూట అన్నీ ఉచితంగా చూడనివ్వడం సంస్థ ఆనవాయితీ. ఎంత పెద్ద మనసో! తోటమాలి కాళ్లు రెండుసార్లు కడుక్కుని, కొత్త చెప్పులేసుకుని, చిత్రాల హాల్లోకి మొదటిసారి వెళ్లాడు. మధ్య గోడ మీద సంస్థకే తలమానికమైన చిత్రం ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి ఇదే తోట. అందులో మోచేయిలా వంగిన మల్బరీ.

"ఏమే, ఇది మన చెట్టే!" అని అరిచాడు. "నేను నాటిందే!"

"మరి కింద రెండు వందల ఏళ్లని రాశారేంటండీ?" అంది భార్య, ఇంకా గట్టిగా.

ఆ గొడవకు డైరెక్టరు గారే దిగివచ్చారు. ఆ చిత్రాన్ని వెతికి పట్టుకుని, కొనిపించి, దాని మీద లావుపాటి పుస్తకం రాసిన పెద్దమనిషి ఆయనే. లైబ్రరీ మేడం ఆ పుస్తకం తెచ్చి తిరగేసింది. చెట్టుకు రెండు వందల ఏళ్లని అందులో ఉంది. ఎలా తెలిసింది? చిత్రంలో కనబడుతోంది కనక. మరి చిత్రానికి అంత వయసని ఎలా తెలిసింది? అంత పాత చెట్టు తోటలో ఉంది కనక. ఇంక రుజువెందుకు?

భార్య ఊరుకుంటేనా? "మా ఆయన అబద్ధం చెప్పడండీ. కావాలంటే చెట్టుకే పరీక్ష చేయించుకోండి."

డైరెక్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు. శాస్త్రమంటే ఆయనకు ఎనలేని గౌరవం. కాండం లోపలి వలయాలు లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది. చెట్టు కొట్టెయ్యకుండా లెక్కపెట్టే పరికరం తెప్పించాలంటే మూడు కమిటీలు ఒప్పుకోవాలి. రంపమైతే స్టోరులోనే ఉంది.

"రేపు పొద్దున్నే కోయిద్దామయ్యా," అన్నారాయన. "నువ్వు నాటిందేనని తేలితే అందరి ముందూ నా తప్పు ఒప్పుకుంటా."

భార్య మొహం వెలిగిపోయింది. తోటమాలి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేనే పొరబడ్డాను సార్," అన్నాడు. "నేను చేరేసరికే ఆ చెట్టుంది. నేను నాటింది వేరేది. అది ఎప్పుడో ఎండిపోయింది."

ఆ ముక్కే రాసిమ్మన్నారు. రాసిచ్చాడు. లైబ్రరీ మేడం ఆ కాగితానికి ఒక నంబరు వేసి, చెట్టు వయసుకు మరో ఆధారంగా బీరువాలో భద్రపరిచింది.

తిరుగు బస్సులో భార్య కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నేళ్లూ నాకు కట్టుకథలు చెప్పారన్నమాట," అంది చివరికి. "రేపు వీధిలో ఏ మొహం పెట్టుకుని తిరగను?"

నిజం తోటమాలి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇప్పుడు చెబితే రేపటికి వీధికి, ఎల్లుండికి డైరెక్టరుకు తెలుస్తుంది. ఆ మర్నాడే రంపం బయటికొస్తుంది.

"అవునే," అన్నాడు. "నీ కళ్లకి కాస్త గొప్పగా కనబడాలనిపించింది."