మాస్టారి ఫోన్‌లో ఇంకొకరి ప్రయాణాలు

2023 వేసవి. విజయవాడ ఆటోనగర్‌లో సీటు కవర్ల కొట్టు పక్కనే నా ఫాస్టాగ్ దుకాణం. కారు అద్దానికి ఆ స్టిక్కర్ అంటిస్తే టోల్ గేటు దగ్గర డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఏ గేటు ఎన్నింటికి దాటారో ట్యాగ్‌లో నమోదైన ఫోన్‌కు మెసేజ్ కూడా పోతుంది. ఈ రెండో సంగతి జనం పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. పైగా పక్కవాళ్ల కబుర్లంటే నేను చెవి కోసుకుంటాను.

ఆ రోజు పామర్రు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. తన పాత కారును బ్రోకర్ ద్వారా అమ్మి కొన్ని నెలలైంది. ఆర్‌సీ, అంటే బండి యాజమాన్య పత్రం, కొన్న అమ్మాయి పేరుకు మారింది. ట్యాగ్ మాత్రం మాస్టారి పేరునే ఉండిపోయింది. ఆ అమ్మాయి బండి నంబరు కొట్టి రీచార్జ్ చేసుకుంటూ తిరుగుతోంది. మెసేజులన్నీ ఈయనకు వస్తున్నాయి.

"దీన్ని ఆపించు బాబూ," అన్నారు.

"అదెంతపని మాస్టారూ! హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఇప్పుడే మూసేస్తారు."

"ఇప్పుడే మూసేస్తే రేపు ఆ అమ్మాయి గేటు దగ్గర ఇరుక్కుపోదూ? ముందు తనకి కొత్తది ఇవ్వు."

"తొందరేముంది లెండి. మీ డబ్బేం పోవట్లేదుగా?"

అప్పుడు చెప్పారు. ముందురోజు ఆ అమ్మాయి అన్న మాస్టారి ఇంటికొచ్చాడట. ట్యాగ్ ఈయన పేరునే ఉందని బ్రోకర్ నోరు జారాడు. చెల్లెలు వారం వారం ఎటు పోతోందో తేల్చుకోవాలి, మెసేజులు చూపించమని పట్టుబట్టాడట.

"చూపించారా?" నా గొంతులోని ఆత్రం నాకే వినపడింది.

"అమ్మేసిన కారు ఎటెళ్తే నాకెందుకయ్యా? వచ్చినవన్నీ తీసేశాను. లేవు పొమ్మన్నాను. మళ్లీ కొత్తవి వస్తాయిగా, అందుకే పొద్దున్నే బస్సెక్కాను."

అడక్కుండానే చేతికొచ్చిన ఒకరి రహస్యాన్ని అలా వదిలేసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే ఈపాటికి ఆటోనగరంతా చాటేసేవాణ్ణి.

ఆమె నంబరు బ్రోకర్ని బతిమాలి తెచ్చుకున్నారు. తాను ఫోన్ చేస్తే బెదిరిపోతుందని నా చేత చేయించారు. సాయంత్రం వస్తానందని తెలిశాక లేచారు. "నేను ఎదురుపడితే ఇబ్బంది పడుతుంది," అని వెళ్లిపోయారు.

సాయంత్రం ఆమె వచ్చింది. విషయం వినగానే కుర్చీలో కూలబడింది.

"మా అన్నయ్యకి తెలిస్తే నా ప్రయాణాలు ఆగిపోతాయండీ. నాకున్న ఒక్క దారీ అదే."

ఎటు, ఎందుకు అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు గుర్తొచ్చి మింగేశాను. ఆమె ఆర్‌సీతో, ఆమె సొంత నంబరుతో కొత్త ట్యాగ్ చేసిచ్చి, మాస్టారి చేత హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించి పాతది మూయించాను.

"ఆయనకి అన్నీ తెలుసు కదండీ," అంది తల దించుకుని. "నా గురించి ఏమన్నారు?"

"ఒక్క మాట చెప్పమన్నారమ్మా. వెనక ఎడమ టైరు ఆయన అమ్మేనాటికే అరిగిపోయిందట. దూరాలు తిరుగుతున్నారు కదా, మార్పించుకోమన్నారు."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి.

అప్పట్నుంచి ట్యాగ్ ఇచ్చే ముందు, మెసేజులు ఎవరి ఫోన్‌కు పోవాలో బండి నడిపేవాళ్లనే అడుగుతున్నాను. పక్కనున్న భర్తో, అన్నో తన నంబరు చెప్పబోతే "ఆగండి సార్" అంటాను. ఎటు వెళ్తారని మాత్రం ఎవర్నీ అడగను. అది నాకెంత కష్టమో తెలిస్తే మాస్టారు నవ్వుకుంటారు.