బరువు సైకిల్‌దే అనుకున్నాను

ఆ రోజు ఉదయం డ్యూటీకి వెళ్తుంటే నా సైకిల్‌ను వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. మా పాత ఊరి దగ్గరి ఎత్తు ఎక్కుతున్నాను. పెడల్ తొక్కుతున్నాను, చక్రం కదులుతోంది, కానీ క్యారియర్ మీద ఎవరిదో చెయ్యి ఉంది. తిరిగి చూశాను. ఖాళీ రోడ్డు, దూరంగా ఒక ట్యాంకర్. మళ్ళీ తొక్కాను. ఆ పట్టు వదల్లేదు.

పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకుంటాను. యాభై దాటాయి, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. బెంగళూరుకు బదిలీ అయి వెళ్తూ నా మేనల్లుడు తన ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌ను నాకు వదిలిపోయాడు. లావు టైర్లు, ఫ్రేములో బ్యాటరీ, పెడళ్ళ దగ్గర మోటారు. నేను దానికి టిఫిన్ డబ్బా కోసం క్యారియర్ బిగించుకున్నాను, మోటారు మాత్రం ఆన్ చేయలేదు. షుగర్ తగ్గాలంటే ఒళ్ళు కదలాలన్నారు కాబట్టి అని ఇంట్లో చెప్పాను. అది నిజమే. నన్ను మరొకటి తోస్తుంటే పైన కూర్చోవడం నాకు ఇష్టం లేదన్నది కూడా నిజమే.

మోటారు ఆపి తొక్కితే అలాంటి సైకిల్ మామూలు సైకిల్‌లా ఉండదు. దాని బరువే బరువు. మట్టి దారుల కోసం చేసిన గుబ్బల టైర్లు తారు రోడ్డును అంటుకున్నట్టు తిరుగుతాయి. మొదట్లో తొడలు పట్టేశాయి. తర్వాత అలవాటైంది. చిన్న గేరు వేసుకుని, ఆగకుండా, ఆ ఎత్తు కూడా ఎక్కేవాణ్ణి.

ఆ ఎత్తు గురించి కొంత చెప్పాలి. మాది ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పేరున్న ఇల్లు. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న నేలలో కొంత మాది. అదంతా ఎలా పోయిందో ఇక్కడ అనవసరం. ఆ ఎత్తు మీద మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. మిగిలింది ముందు దర్వాజ ఒక్కటే, లోపలి స్థలంలో ఎవరివో లారీలు నిలుపుతారు. మా తాత కాలంలో ఆ దర్వాజ ముందు నుంచి ఎవరూ సైకిల్ మీద వెళ్ళేవారు కాదు. దిగి, చెప్పులు చేత పట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ దాటి, అవతల మళ్ళీ ఎక్కాలి. ఆ పద్ధతి మంచిదని నేను అనను. కానీ అదే చోట నేను దిగి సైకిల్ తోసుకుంటూ పోవడం, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు చూడడం, నా వల్ల అయ్యే పని కాదు. ఈ మాట ముందే చెబుతున్నది ఎందుకంటే, నా జబ్బు ముదిరింది ఆ ఎత్తు మీదే.

ఆ మొదటి రోజు తర్వాత బరువు పెరుగుతూ పోయింది. టైర్లలో గాలి తగ్గిందనుకుని కొట్టించాను. బ్రేకు డిస్కుకు రాసుకుంటోందేమోనని వంగి చెవిపెట్టి విన్నాను. చైనుకు నూనె వేశాను. చివరకు పటాన్‌చెరులో సైకిల్ షాపుకు తీసుకెళ్తే మెకానిక్ ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"మోటార్ బంద్ జేసి తొక్కితే గిట్లనే ఉంటది సార్. బ్యాటరీ బరువు, మోటార్ బరువు, గీ లావు టైర్లు. ఏనుగును గుంజినట్లే."

నాకు కావలసిన మాట దొరికింది. ఇంటికి వచ్చి అదే మాట నా భార్య సులోచనకు చెప్పాను. ఒక ఆదివారం ఆమె ముందే సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పెడల్‌ను చేత్తో తిప్పాను. సన్నగా గిర్రుమంటూ తిరిగింది. చెయ్యి తీసేసినా వెనక చక్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడా పట్టడం లేదు. మేమిద్దరం అది ఆగేదాకా చూస్తూ నిలబడ్డాం.

"చక్రం మంచిగనే తిరుగుతున్నది గదా," అంది సులోచన. "మరి మీకెందుకు దమ్మొస్తున్నది?"

మనిషి ఎక్కితే లెక్క వేరుగా ఉంటుందని కసిరాను. కానీ ఆ తర్వాత ఆ తిరిగే చక్రం నన్ను వదల్లేదు. అన్నం తింటున్నా, స్టోర్‌లో డ్రమ్ములు లెక్కిస్తున్నా కళ్ళముందు తిరిగేది. యంత్రంలో బరువు లేదు, రోడ్డు మారలేదు. మరి ఆ ఎత్తు మీద నన్ను పట్టుకుంటున్నది ఎవరు? ఇలాంటివి నమ్మే మనిషిని కాను. అయినా ఆ ఎత్తులో ఎంతమంది తమ సైకిళ్ళను తోసుకుంటూ నడిచి ఉంటారో, వాళ్ళంతా నా వెనక నడుస్తున్నారని అనిపించేది. చెప్పులు చేత పట్టుకుని నడిచే మనుషుల అడుగులకు చప్పుడు ఉండదు. నాకు వినిపించేది నా ఊపిరి ఒక్కటే.

షుగర్ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ ఛాతీలో నొప్పి ఉందా అని అడిగారు. లేదన్నాను. నిజంగానే లేదు. ఆయన అడగని సంగతి నేను చెప్పలేదు.

నేను పడిపోయిన రోజు కూడా నొప్పి లేదు. ఎత్తు సగంలోనే చొక్కా తడిసిపోయింది. చేతుల్లో బలం లేదు, దవడ బిగుసుకుంది. దర్వాజ ఎదురుగా టీ కొట్టు బాలమణిది. ఆమె మామ మా పొలాల్లో పనిచేసిన మనిషి. ఆమె పొయ్యి వదిలి రోడ్డు మీదికి వచ్చింది.

"దొరా, దిగుండ్రి. జెర దిగి కూసోండ్రి."

బల్ల మీద నుంచి ఎవరో అన్నారు: "దిగుతడా? మా తాత దిగిండు గని."

ఎవరో నవ్వారు. నేను తల తిప్పలేదు, నడుము వంచలేదు. ఆమె కూడా ఎగతాళి చేస్తోందనే అనుకున్నాను. దర్వాజ దాటేదాకా తొక్కాలి, అంతే. దాటాను. లారీల గోడ పక్కన ముందు చక్రం పక్కకు తిరగడం వరకు గుర్తుంది.

ఆటోలో నా తల బాలమణి భుజం మీద ఉందని, సైకిల్‌ను ఆ బల్ల మీదివాళ్ళే కొట్టు వెనక పెట్టారని తర్వాత తెలిసింది. పటాన్‌చెరులో ఈసీజీ తీసి వెంటనే అంబులెన్స్‌లో సిటీకి పంపారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి, ముఖ్యమైన రక్తనాళంలో బ్లాక్ ఉందని స్టెంట్ వేశారు. ఎకో చూసి కార్డియాలజిస్ట్, నా కూతురి వయసు ఉంటుంది, గుండె పంపింగ్ బాగా తగ్గిందని చెప్పింది.

"ఎటాక్ ఇవాళ వచ్చింది. కానీ గుండెకు బ్లడ్ సరిగా అందక చాలా రోజులైంది. షుగర్ ఉన్నవాళ్ళకి కొందరికి పెయిన్ తెలియదు. ఆయాసమే సింప్టమ్. మీకు ఏదీ తెలియలేదా?"

సైకిల్ బరువుగా అనిపించిందని చెప్పాను. ఆమె పెన్ను ఆపి నన్ను చూసింది. "అది ఎవరికి చెప్పారు?"

మెకానిక్‌కు అన్నాను.

ఇంటికి వచ్చాక బాలమణి చూడడానికి వచ్చింది. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది. "మా ఆయన మొకం గూడ గట్లనే నల్లగైంది దొరా. గప్పుడు నాకెర్కలేక ఊకున్న. గందుకే మిమ్ముల దిగుమన్న." ఆమె భర్త కొన్నేళ్ళ కిందట ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వస్తూ ఆ కొట్టు దగ్గరే కూలిపోయాడని అప్పుడే తెలిసింది. రోజూ ఆ దారిన వెళ్ళే నాకు ఆ సంగతి తెలియదు.

కోలుకోవడం నేరుగా సాగలేదు. ఒంట్లో నీరు చేరకుండా ఒక మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలి. మళ్ళీ డ్యూటీలో చేరాక, నా కింద పనిచేసేవాళ్ళ ముందు అలా తిరగడం చిన్నతనంగా అనిపించి, పనిరోజుల్లో మానేశాను. పాదాలు వాచితే బూట్లు బిగుతయ్యాయనుకున్నాను. పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చునేవాణ్ణి. సులోచన మాత్రల అట్ట పట్టుకుని నిలదీస్తే తప్ప చెప్పలేదు. మళ్ళీ అడ్మిట్ చేశారు. ఊపిరితిత్తుల్లో నీరు. ఈసారి డాక్టర్ కోప్పడలేదు. "నెక్స్ట్ టైమ్ ఆటో దొరక్కపోతే?" అని మాత్రం అంది.

ఆ తర్వాత గుండె జబ్బువాళ్ళతో వ్యాయామం చేయించే రీహాబ్‌కు వెళ్ళాను. అక్కడ కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి ఫిజియోథెరపిస్ట్ పెడల్ బరువు పెంచే రెసిస్టెన్స్‌ను సున్నాకు తిప్పింది. కొంచెం పెంచమన్నాను. "అది నేను చూసుకుంటా అంకుల్. మీరు మాట్లాడుతూ తొక్కండి. మాట తెగిందా, ఆపేయాలి." ఆ సున్నా దగ్గర కూడా వెనక నుంచి చెయ్యి తగిలింది. వెనక తెల్లటి గోడ ఉంది. నా గుండె ఎంత మిగిలిందో నాకు అర్థమైంది ఆ గోడను చూసినప్పుడే. ఏడుపు రాలేదు. తొక్కుతూ, ఆమె అడిగినదానికి జవాబు చెబుతూ పోయాను.

చాలాకాలం గడిచాక మళ్ళీ సైకిల్ తొక్కవచ్చన్నారు. మోటారు ఆన్ చేసి, చదునైన రోడ్డులో మాత్రమే. ఎత్తు వస్తే దిగి నడవాలి. దిగనంటే సైకిల్ వద్దని డాక్టర్ తేల్చి చెప్పింది. మొదటి రోజు ఎత్తు మొదట్లో బ్రేకు వేసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తర్వాత దిగాను. హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా నడిచాను. టీ కొట్టు బల్ల మీదివాళ్ళు అనబోయే మాటకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దర్వాజ దగ్గరికి రాగానే బాలమణి నన్ను చూసింది. చూసి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. బల్ల మీది మనుషులు ఒక్కొక్కరే టీ గ్లాసుల్లోకి తలలు వంచారు. నేను దాటిపోయేదాకా ఎవరూ తల ఎత్తలేదు. నా జవాబు నాతోనే ఉండిపోయింది. ఎగతాళి చేసి ఉంటే ఇంతకన్నా తేలికగా ఉండేది.

ఇప్పుడు ఆరోగ్యం ఒక మాదిరిగా ఉంది. పంపింగ్ కొంత పెరిగింది, పూర్తిగా రాదట. మాత్రలన్నీ వేసుకుంటాను, పనిరోజుల్లో కూడా. ఉప్పు తగ్గించాను. ఒక్కోసారి బ్యాటరీ దారిలో అయిపోతుంది. మోటారు ఆగిన ఆ క్షణం సైకిల్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. అందులో యంత్రానిది ఎంతో, నాది ఎంతో నాకు తెలియదు. వెంటనే దిగుతాను. దిగాక మాత్రం ఒకసారి వెనక్కి చూస్తాను.

షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్ నొప్పి ఉందా అని అడిగితే లేదని చెప్పి లేచి రాకండి. పోయిన నెల చేసి ఈ నెల చేయలేకపోతున్న పని ఏదైనా ఉంటే, మెట్లు కావచ్చు, నీళ్ళ బిందె కావచ్చు, సైకిల్ కావచ్చు, దాని పేరు చెప్పి రండి.