చెప్పినవారు, చూసినవారు, వేళ

శేషగిరయ్య అయ్యవారు మొన్న తెల్లవారి పాలు పోసే వేళకు కామసముద్రంలోని స్వగృహంలో పరమపదించారు. ఈసారి వార్త నిజం. 'ఈసారి' అన్న మాట సంస్మరణ వ్యాసంలో ఉండదగినది కాదని నాకు తెలుసు. అయినా దాన్ని దాటేసి ఆయన గురించి ఒక్క వాక్యం రాసే అర్హత కూడా నాకు లేదు. ఆయన మరణవార్తను పదకొండు రోజుల ముందే లోకానికి చాటిన ఘనుణ్ణి నేనే.

ఎరగనివారి కోసం నాలుగు మాటలు. అయ్యవారు కోలారు బంగారు గనుల ఊళ్ళో ఉద్యోగకాలమంతా విజ్ఞానశాస్త్రం బోధించిన ఉపాధ్యాయులు. మూడు తరాల పిల్లలకు విద్యుత్తూ, అయస్కాంతమూ, అన్నిటికంటే ముందు అనుమానమూ నేర్పినవారు. వారి తండ్రిగారు గనిలో టోకెన్ గుమాస్తా. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను కిటికీ దగ్గర ఇచ్చి దిగేవాడు, పైకి వచ్చాక తీసుకునేవాడు. బిళ్ల మేకుకు వేలాడుతూ ఉంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క.

ఒకసారి కింద బండలు విరిగిపడ్డాయట. ఫలానావాడు పోయాడని పైన గుంపు గోల. పుస్తకంలో అలాగే రాయమని పై అధికారి కూడా గదమాయించాడట. గుమాస్తా గారు కలం మూత తీయలేదు. మరునాడు ఆ ఫలానావాడే ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి కిటికీలో చెయ్యి పెట్టి తన బిళ్ల అడిగాడట. అయ్యవారు ప్రతి ఏటా తరగతిలో చెప్పే మొదటి పాఠం ఇదే. పాఠం చివర "చూడకుండా రాస్తే అది సైన్సు గాదురా, కథ" అనేవారు.

పదవీ విరమణ తరువాత ఆయన సొంత ఊరు కామసముద్రం చేరి, పాల డెయిరీ గోడ మీద స్వహస్తాలతో నల్లరంగు పూసి ఒక బోర్డు చేశారు. పట్టుగూళ్ళ ధర, రాని బస్సు, పశువుల డాక్టరు వచ్చే రోజు, కరెంటు పోయే వేళ, అన్నీ అందులో ఉండేవి. ప్రతి వార్త కింద మూడు గళ్ళు: చెప్పినవారు, చూసినవారు, వేళ. ఆ గళ్ళు నిండకపోతే సాక్షాత్తు దేవుడు దిగివస్తున్నాడన్నా రాసేవారు కాదు.

డెయిరీ కార్యదర్శి మునియప్ప ఒక పొద్దున మామిడి రైతుల అప్పులన్నీ మాఫీ అయ్యాయంట, రాయమని పట్టుబట్టాడు. "అంట అనేది నా బోర్డు మీద పట్టదప్పా. చెప్పినోని పేరు తే" అన్నారు అయ్యవారు. మునియప్ప రోజంతా ఊరు తిరిగాడు. ఒకడు ఇంకొకణ్ణి చూపించాడు, వాడు మరొకణ్ణి. సాయంత్రానికి చివరివాడుగా తేలినవాడు మునియప్ప బావమరిది. అతనికి చెప్పింది మునియప్పే. అయ్యవారు నవ్వకుండా వాళ్ళిద్దరికీ కాఫీ తెప్పించి, ఆ రోజుకు గళ్ళు ఖాళీగా వదిలేశారు.

నేను ఆయన శిష్యుణ్ణి. మారికుప్పంలో రైలెక్కి రోజూ బెంగళూరు వెళ్ళి, కంపెనీలో కూర్చుని, జనం పంపే సందేశాలను విడదీసి పేర్చే ప్రోగ్రాములు రాస్తాను. నా విద్యాగర్వం కొద్దీ ఊరి కోసం ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. ఇంగ ఈ సుద్దముక్కల కాలం అయిపోయింది సార్ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. గ్రూపులో చేరారు కూడా. ఒకనాడు మాత్రం తీరిగ్గా ఒక మాట అన్నారు.

"మాట పుట్టినప్పుడు మనిషి ఎదురుగా ఉండె. మొగం చూసి నమ్మేవాళ్ళం. రాత వచ్చినాక మొగం పోయి సంతకం మిగిలింది. తంతి వచ్చింది, టెలిఫోను వచ్చింది, దూరం చచ్చిపోయింది. బాగుండాది. ఇప్పుడు నీ గ్రూపులో సంతకం గూడా లేదు, ఒకరిది ఒకరు తోసేస్తా ఉండారు. నా మూడు గళ్ళు దాంట్లో పెట్టడానికి కాదా నాగరాజా?"

పెట్టవచ్చు. సగం పూట పని. కానీ జనానికి కావలసింది వేగం సార్, గళ్ళు ఎవరు నింపుతారు అని నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ తరువాత ఆయనకు గుండె నీరసించి కోలారు ఆసుపత్రిలో చేర్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను: చేర్చిన రెండోనాటి నుంచే నా మనసులో నివాళి వాక్యాలు అల్లుకోవడం మొదలైంది. 'జ్ఞానజ్యోతి', 'అస్తమించిన అక్షరసూర్యుడు', ఇలాంటివి. బతికున్న మనిషి మీద అవి ఎక్కడ వాడాలో తెలియక నాలుక కొనన పెట్టుకు తిరిగాను. మూడోనాడు రైల్లో ఊరివాడొకడు కనిపించి, అయ్యోరు ఇంగ లేరంట, బస్టాండులో అనుకుంటా ఉండారు అన్నాడు. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆయన కొడుక్కి ఒక్క ఫోన్ చేయలేదు. రైలు బంగారుపేట దాటేలోగా నా నివాళి గ్రూపులో వెలిగింది. అంత గంభీరమైన గద్యంలో 'అంట' అన్న మాటకు చోటెక్కడిది? దాన్ని తీసేశాను.

క్షణాల్లో అది వంద ఫోన్లకు పాకింది. డెయిరీ మూసేశారు. పూలదండలతో రెండు ఆటోలు వచ్చాయి. పక్కింటి పిల్ల నా వాక్యాలను రాగయుక్తంగా చదివి వినిపించింది, ఎవరికనుకున్నారు? సరోజమ్మగారికి, అయ్యవారి ధర్మపత్నికి. కొడుకు ఫోన్ చేసి నాన్న ఇప్పుడే ఇడ్లీ తిన్నాడని చెప్పేదాకా, ఆ తల్లి గోడకు ఆనుకుని, చుట్టూ చేరిన ఆడవాళ్ళు గాజుల గురించి గుసగుసలాడుతూంటే వింటూ కూర్చుంది. నేను సందేశం తుడిచేశాను. తుడిస్తే పోయేది సుద్ద రాత ఒక్కటే.

రెండు రోజులకు ధైర్యం చేసి ఆసుపత్రికి వెళ్ళాను. నా నివాళిని చదివి వినిపించమన్నారు. కాళ్ళ మీద పడబోతే ఆపి, మరీ చదివించారు. కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగా రాసినావు. 'అక్షరసూర్యుడు' కొంచెం జాస్తి అయింది" అన్నారు. నేను ఏడుస్తున్నాను. "ఏడవబాక. పోయి బోర్డు మీద రాయి. ఆ వార్త తప్పు, చెప్పినవాడు నాగరాజు అని. పేరు పెట్టు. అంతే, తీరిపోతాది."

అలాగేనని వచ్చాను. కానీ ఊరంతా పాలు పోసే గోడ మీద నా తప్పు నా పేరుతో రాయడానికి చెయ్యి ఆడలేదు. 'పొరపాటున ప్రచారమైన వార్తకు చింతిస్తున్నాము' అని గ్రూపులో పెట్టాను. చేసినవాడు నేనొక్కణ్ణే, చింతించేటప్పుడు మాత్రం పదిమందినయ్యాను.

వైద్యులు చేతులెత్తేసి ఇంటికి పంపాక, సెలవు పెట్టి ఆయన మంచం దగ్గరే ఉన్నాను. చివరి రాత్రి గొంతు పీలగా అడిగారు.

"రాసినావా?"

"రాసినాను సార్."

"పేరు పెట్టినావా?"

"పెట్టినాను."

"సరి" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన చూడకుండా నమ్మిన వార్త, నాకు తెలిసి, అదొక్కటే. తెల్లవారేసరికి ఆ ఊపిరి ఆగిపోయింది. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది.

కొడుకు గ్రూపులో వార్త పెట్టాడు. ఎవరూ రాలేదు. ఒకరు నవ్వు బొమ్మ పెట్టారు, మరొకరు 'మళ్ళీనా?' అని అడిగారు. మొదటిసారి దండలు తెచ్చినవాళ్ళు ఎవరి పనికి వాళ్ళు పోతున్నారు. సరోజమ్మగారు వాకిట్లోకి వచ్చి నా వైపు చూశారు. "ఫోన్లో వద్దప్పా. ఎవురూ నమ్మరు. పోయి ఆయన బోర్డు మీద రాయి" అన్నారు. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

వెళ్ళాను. పాల క్యాన్లతో వరుసలో నిలబడ్డవాళ్ళందరి ముందు, ఆయన డబ్బాలోని సుద్దముక్క తీసుకుని రాశాను. 'శేషగిరయ్య అయ్యవారు కాలం చేశారు. చెప్పినవాడు: నాగరాజు. చూసినవాడు: నాగరాజు. వేళ: ఈ ఉదయం.' దాని కింద రెండోది, రాయవలసిన రోజు రాయనిది: 'ఇంతకు ముందు ఆయన పోయారన్న వార్త తప్పు. చెప్పినవాడు: నాగరాజు. చూసినవారు: ఎవరూ లేరు.'

మునియప్ప చదివి తన క్యాను కింద పెట్టాడు. ఒక్కొక్కరే పెట్టారు. అందరూ ఆయన ఇంటివైపు నడిచారు.

గురువర్యా, బోర్డు మీద రాసేశాను, పేరు పెట్టాను. ఈ వార్త నిజం. రాశానని మీకు చెప్పిన రాత్రి మాత్రం కాదు.