గీత మీద పది

మా ఇంట్లో స్నానాలగదికి టైల్స్ వేస్తున్నారు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పనివాళ్ళు ఎర్రకావి పూసిన దారాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు బిగించి, మధ్యలో వేళ్ళతో లాగి వదిలారు. టప్పుమంది. గోడ మీద ఎర్రటి గీత పడింది. తడి కావి వాసన ముక్కుకు తగిలేసరికి నేను వేలూరులో లేను. మా ఊరు గుడియాత్తంలో, పూత లేని ఒక వెనక గోడ ముందు, ఏడేళ్ళ పిల్లనై నిలబడి ఉన్నాను. కాఫీ ఎప్పుడు చల్లారిందో తెలియదు.

ఆ గోడ మునిరత్నం తాతది. మా పక్కింటి మేస్త్రి. వీధిలో సగం ఇళ్ళు ఆయన చేతిమీద లేచినవే; తన ఇంటి వెనక గోడకు సిమెంటు పూయడానికి మాత్రం ఏనాడూ తీరిక దొరకలేదు. ఆ సంవత్సరం అమ్మ నన్ను అవ్వ దగ్గర వదిలి, నూరు రోజుల కట్టడం పనికి బెంగళూరు వెళ్ళింది. నూరు దాకా చిలకలా ఒప్పజెప్పేదాన్నే గానీ, నూరంటే ఎంతో నాకేం తెలుసు? అన్నం ముందు కూర్చుని ఒకటే ఏడుపు. అవ్వ విసిగిపోయి నన్ను తాత దగ్గరికి తోలింది.

తాత ఆ గోడకు దారం కొట్టాడు. పది ఇటుకల పొడవు గీత.

"ఈ కొన మీయమ్మ పోయిన దినం. ఆ కొన వచ్చే దినం, నూరు. పదో దినం యాడ వస్తాదో సుద్దతో గుర్తు పెట్టమ్మా."

చాలాసేపు ఆలోచించి సరిగ్గా నడిమధ్యలో పెట్టాను. పదంటే రెండు చేతుల వేళ్ళన్నీ. అంతకన్నా పెద్దది నా దగ్గర ఏముంది? తాత గీతను చూశాడు, నన్ను చూశాడు. అప్పటికి నా ఏడుపు ఆగింది. "బాగుండాది" అన్నాడు. గోడలో వెంట్రుకవాసి వంకరను కూడా ఒప్పుకోని మనిషి చెప్పిన అబద్ధం అది.

పదో రోజు బడి నుంచి వచ్చి, సంచీ విసిరేసి పరుగెత్తాను. "సగం అయిపాయె తాతా. ఇంక పది దినాలకు అమ్మ వచ్చేస్తాది గదా?"

ఆయన చేతిలో తాపీ అలాగే ఆగిపోయింది. తర్వాత ఒక్కో ఇటుక మీద నా అరచెయ్యి ఆనించి లెక్కబెట్టించాడు. ఇటుకకు పది దినాలు. మొదటి ఇటుక చివర సుద్దతో తన గుర్తు పెట్టాడు. ఒకటి అయింది, ఇంకా తొమ్మిది. నేను నేలమీద పడి పొర్లాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు, పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. నువ్వు ఏడుపు మానితే చాలనుకుంటిని. నీ గుర్తు నేను చెరపను. ఆ పది దినాలు నీకు అంత పొడుగు ఉండె. ఇటుకలు మాత్రం అబద్ధం చెప్పవు."

రెండు గుర్తులూ గోడ మీద ఉండిపోయాయి: నడుమ నాది, మొదటి ఇటుక చివర ఆయనది. నూరో రోజు అమ్మ వచ్చింది. ఆ సంతోషం కన్నా ఆ గోడే నాకు ఎక్కువ గుర్తుంది, ఏం చేయను.

ఇప్పుడు నేను వేలూరులో చిన్నపిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా నల్లబల్ల మీద గీత గీసి, ఒక కొన సున్న, ఇంకో కొన నూరు రాసి, పది ఎక్కడని అడుగుతాను. ఏటా ఎవరో ఒకరు నడుమ పెడతారు. చిన్న సంఖ్యలు వాళ్ళ కళ్ళకు తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. పెద్దవన్నీ అటు చివర ఇరుక్కుని తోసుకుంటాయి. ఎదిగేకొద్దీ అన్నీ సమానంగా సర్దుకుంటాయి. అది మంచిదే, కాదనను.

పోయిన ఏడాది తాతను ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాం. పిల్లలు లేని మనిషి, సంతకాలకు నేనే. డాక్టరు బయటికి పిలిచి, పది రోజులకు మించదని చెప్పాడు. పది. ఒక్క ఇటుక. లోపలికి వెళ్ళేసరికే తాత నా మొహం చదివేశాడు.

"ఎన్ని దినాలంటమ్మా?"

ఏమీ లేదని చెప్పి తప్పించుకోవాలనిపించింది. ఆయనకు అబద్ధం ఎట్లా చెప్పను? "పది, తాతా."

ఆయన చూపుడువేలితో దుప్పటి మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీశాడు. "యాడ పెడతావు?"

నడిమధ్యలో వేలు పెట్టాను. కళ్ళు మసకబారాయి. తాత నవ్వాడు. "అబ్బో, శానా పొడుగే ఉండాది."

బడికి సెలవు పెట్టాను. దానిమ్మ గింజలు ఒలిచి ఒక్కొక్కటే తినిపించాను. ఆయన కట్టిన ఇళ్ళన్నీ వీధి వీధీ చెప్పించుకున్నాను. మధ్యాహ్నాలు ఇద్దరం కిటికీలోంచి మబ్బులు చూస్తూ ఊరికే ఉండిపోయేవాళ్ళం. నిజం చెబుతున్నాను, అవి పొట్టి రోజులు కావు. తొమ్మిదో రోజు పొద్దున పోయాడు.

నడుమ గుర్తు పెట్టిన పిల్లల్ని నేనిప్పుడూ దిద్దుతాను. దిద్దకపోతే తాత ఒప్పుకోడు. కానీ సుద్దముక్క అందుకునే ముందు పక్కన చతికిలబడి, "ఎవురికోసమన్నా చూస్తా ఉండావామ్మా?" అని అడుగుతాను. చాలామంది అర్థంకాక నవ్వుతారు. ఈ ఏడాది ఒక పాప తల వంచుకుని, "మాయమ్మ కోసం" అంది.

దాని గుర్తు చెరపలేదు. అదే గీత మీద, సరైన చోట నాది కూడా పెట్టాను.